ఉన్నదున్నట్టు

"చప్పట్లు నువ్వేమైనా పెంచావట్రా?"

మొదటి రోజు సాయంత్రం ఆరు పాటలు పాడి, వేదిక వెనక రేకుల గదిలోకి వచ్చి కూర్చోగానే పెద్దాయన కొడుకుని అడిగిన మాట ఇది.

"లేదు నాన్నా."

"నా మీద జాలితో ఇలాంటివి చెయ్యకు. ఉన్నదున్నట్టు వినిపించు."

"ఉన్నదున్నట్టే వినిపించాను."

పెద్దాయన నిట్టూర్చాడు. గుప్పెడు మంది తడిచేతులతో కొట్టినట్టున్నాయి ఆ చప్పట్లు.

మూడు రోజుల రెగే సంగీత ఉత్సవం అది. మూడు రోజులూ పొద్దువాలే వేళ పాట ఆయనదే. గొంతుకి ఆపరేషనై రెండేళ్లు పాట ముట్టని మనిషి. షుగరు అంతకుముందే కళ్లు తీసుకుపోయింది. 'ఈ మూడు రోజులూ చూస్తాను. జనం నాతో లేరనిపిస్తే మళ్లీ మైకు పట్టను' అని బయల్దేరే ముందే ఒట్టు పెట్టుకున్నాడు. పాట మానేస్తే ఆయనకి మిగిలేవి ఓ కుర్చీ, ఓ రేడియో, మాత్రల డబ్బా.

ఇలాంటి కచేరీల్లో మీటలతో శబ్దం పెంచి తగ్గించే బల్లలు రెండుంటాయి. ఒకటి మైదానం మధ్యలో, జనం కోసం. రెండోది వేదిక పక్కన, పాడేవాళ్ల చెవుల కోసం. ఆ రెండో బల్ల ముందు ఇరవై ఏళ్లుగా కొడుకే కూర్చుంటున్నాడు. పెద్దాయన చెవులకి అచ్చు తీయించి చేయించిన ఇయర్‌ఫోన్లు గదిలోనే పెట్టి, చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తాడు. అవి పెట్టుకుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. డ్రమ్మూ, బేసు గిటారూ, జనం వైపు పెట్టిన మైకుల్లో పడే కేకలూ అన్నీ ఆ బల్ల మీదుగా తీగలోంచి రావలసిందే. మళ్లీ గదిలోకి వచ్చాకే తీస్తాడు; ఆపాటికి వేదిక మీద తర్వాతి బృందం హోరు అందుకుంటుంది. కళ్లు ఎలాగూ పోయాయి, చెవులన్నా దక్కించుకోమన్నాడు డాక్టరు.

కొడుకుని బల్ల దగ్గర కూర్చోబెట్టింది కూడా పెద్దాయనే. పదహారేళ్లప్పుడు వాడు పాడతానని మైకు పట్టుకుంటే, వాయిద్యాలవాళ్లందరి ముందూ కుండబద్దలు కొట్టాడు. "నీ గొంతు పాటకి పనికిరాదు. చెవులు బాగున్నాయి. పోయి బల్ల దగ్గర కూర్చో." అందరూ నవ్వారు. వాడు మారుమాట్లాడకుండా వెళ్లి కూర్చున్నాడు. మా ఇంట్లో అబద్ధాలుండవు అని చెప్పుకోవడానికి పెద్దాయన ఇప్పటికీ ఈ ముచ్చటే ఎత్తుతాడు.

రెండో రోజు పొద్దున గది బయట కుర్చీ వేయించుకుని కూర్చుంటే, దగ్గర్లో ఎవరో ఇనుము కొడుతున్నారు.

"ఏం పని బాబూ?"

"బారికేడ్లకి వెల్డింగు పెద్దాయనా. నిన్న మీ పాటకి జనం తోసుకొచ్చి రెండు వరసలు విరగ్గొట్టారు."

పెద్దాయన ఆ మాటే కొడుకు దగ్గర ఎత్తాడు.

"జనం పలచగా ఉన్నారని బారికేడ్లు ముందుకి జరుపుతున్నార్లే నాన్నా" అన్నాడు వాడు, చెప్పడం ఇష్టం లేనట్టు.

వెల్డింగు మేస్త్రీ మంచివాడు పాపం, అనుకున్నాడు పెద్దాయన. బేసు వాయించేవాడూ అంతే. "అదరగొట్టావు గురూ" అని భుజం తట్టి పోయాడు. టీ తెచ్చినావిడ ఆయన చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. కళ్లు లేనివాడంటే ఊరందరికీ జాలే. ఉన్నమాట చెప్పేది కన్నకొడుకొక్కడే.

ఆ సాయంత్రం చప్పట్లు ఇంకా తగ్గాయి. ఎవడో ఒక ఈల వేసి, తోడు దొరక్క ఆపేశాడు. పాదాల కింద చెక్కలు మాత్రం ఒకటే అదురు. ఈసారి స్పీకర్లు మరీ పెద్దవి పెట్టారు అనుకున్నాడు.

గదిలోకి రాగానే తలుపు వేయించాడు.

"నిజం చెప్పరా. నా గొంతు పోయిందా?"

కొడుకు ఇయర్‌ఫోన్లు డబ్బాలో పెట్టి మూత వేశాడు.

"నీ గొంతు ఇక పాటకి పనికిరాదు నాన్నా."

పెద్దాయన తడుముకుని కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"శభాష్. నా పెంపకం రా నువ్వు."

మూడో రోజు ఒక్క పాటే పాడతానన్నాడు. ఆయనకి పేరు తెచ్చిన పాట. మొదటి పాదం పాడి ఆయన ఆగితే, రెండో పాదం జనం అందుకోవాలి. నలభై ఏళ్లుగా అదే వాడుక. గొంతు పోయినా పాట వాళ్లకి గుర్తుండదా అని చివరి ఆశ.

మొదటి పాదం పాడాడు. మైకు దించి, రెండో చెయ్యి జనం వైపు చాచి నిలబడ్డాడు.

చెవుల్లో బేసు నడుస్తోంది. మూడో దెబ్బ మీద డ్రమ్ము పడుతోంది. మనిషి గొంతు ఒక్కటీ లేదు. తాళం ఇంకో చుట్టు తిరిగేదాకా ఆగాడు. ఇంకో చుట్టు. నాలుగో చుట్టుకి మైకు నోటి దగ్గరకి తెచ్చుకున్నాడు.

"ఇన్నాళ్లూ భరించారు. ఇక మిమ్మల్ని విసిగించను. సెలవు."

మెట్ల కిందే కారు ఆగి ఉంది. కొడుకు ఆయన చెవుల్లోవి తియ్యబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీరా. ఇక నేను వినేదేముంది. ఇంట్లో ఆ రేడియో కూడా ఎవరికన్నా ఇచ్చెయ్యి."

డ్రైవరు తలుపు వేశాడు. కారు కదిలింది.

కొడుకు తిరిగొచ్చి బల్ల ముందు కూర్చుని, తన హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మూడు రోజులుగా కిందికి లాగి ఉంచిన జనం మైకుల మీటని తీరిగ్గా పైకి తోశాడు: ముప్పై వేల గొంతులు ఏడుస్తూ, ఆ రెండో పాదమే ఇంకా పాడుతున్నాయి.