ముట్టుకోరాదు

గోడకి ఆనించిన చంకకర్ర దభీమని కింద పడింది.

పరీక్ష హాల్లో అందరూ ఉలిక్కిపడ్డారు.

"ఎవరయ్యా నువ్వు?" వడ్రంగం మాస్టారు కస్సుమన్నాడు.

గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్న ముసలాయన, ఉన్న ఒక్క కాలి మీద వంగి కర్ర అందుకున్నాడు.

"ఊరికే చూసిపోదామని వచ్చాను బాబూ. మీ పని కానివ్వండి."

ఆ రోజు మాస్టారి పని తిట్టడమే.

ఇరవై కుర్చీలు వరసగా ఉన్నాయి. పందొమ్మిదింటికి కుడిచేతి చివర అరచందమామలా ఒక గాడి ఉంది. ఇరవయ్యోదానికి లేదు. దాన్ని చేసిన పిల్లని తోటివాళ్ళు చిత్రిక అంటారు, ఎప్పుడు చూసినా చెక్కని చిత్రిక పడుతూనే ఉంటుందని.

"గాడేదీ?"

"అది దేనికి సార్?"

"మోడల్లో ఉందా, లేదా?"

మోడల్ కుర్చీ గది మధ్యలో బల్ల మీద ఉంది. 'ముట్టుకోరాదు' అని దానికో అట్ట వేలాడుతోంది. పాత సామాన్లలో దొరికితే పనితనం చూసి మోడల్‌గా పెట్టారట; నలభై ఏళ్ళుగా ప్రతి బ్యాచ్ దాన్నే దించుతోంది. గాడి ఎందుకో మాస్టారికి తెలీదు. ఆయనకి నేర్పినాయనకీ తెలీదు. తెలీదని ఒప్పుకోవడానికి మాత్రం ఇద్దరికీ నోరు రాలేదు.

"మా అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులు సార్. లేవడానికి వీలుగా సీటు ఎత్తు పెంచాను. చేతులు ముందుకి సాగదీశాను. గాడి ఉంటే పట్టు దొరకదు."

"నువ్వు చేసేది అమ్మమ్మకా, పరీక్షకా? సున్నా!"

"సార్, ఇది మూడోసారి. మళ్ళీ పరీక్షకి రానివ్వరు. సర్టిఫికెట్ లేకపోతే ఏ షాపులోనూ పనివ్వరు."

"నా దగ్గర తెలివితేటలు చూపించే ముందే ఆలోచించుకోవాల్సింది."

మార్కుల కాగితం ప్యూన్ చేతికిచ్చి ఆఫీసుకి పంపేశాడు.

చంకకర్ర మళ్ళీ జారి పడింది.

"ఆ కర్ర పట్టుకోవడం కూడా చేతకాదా నీకు?"

"ఎక్కడ ఆనించినా ఇంతే బాబూ." ముసలాయన నెమ్మదిగా లేచాడు. "ఆ పిల్ల కుర్చీ బాగుంది. గాడి అందరికీ అక్కర్లేదు."

మాస్టారి మొహం కందగడ్డయింది.

"ఆ మోడల్ చేసిన చెయ్యి ఎవరిదో గానీ, దండం పెట్టాలి! దానికి వంకలు పెట్టడానికి నువ్వెవడివి?"

"వంక పెట్టలేదు. ఒక్కసారి అందులో కూర్చుని పోతాను."

"ముట్టుకున్నావంటే మర్యాద దక్కదు. నడువ్!"

ముసలాయన కర్ర చంకకి ఎత్తుకున్నాడు. గుమ్మం దాటుతూ చిత్రిక వైపు తిరిగి, "మీ అమ్మమ్మని కూర్చోబెట్టు తల్లీ," అని మాత్రం అన్నాడు.

కాసేపటికి రోడ్డు మీద బస్సు ఆగి, కదిలిపోయిన చప్పుడైంది.

చిత్రిక ఏడవలేదు. ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. విసవిసా వెళ్ళి మోడల్ కుర్చీని బల్ల మీదే బోర్లించింది.

"ఏయ్! చేతులు విరగ్గొడతాను!"

"విరగ్గొట్టండి. గాడి దేనికో ఇక్కడైనా రాసుందేమో చూడనివ్వండి."

రాసే ఉంది. సీటు అడుగున, ఇన్నేళ్ళూ ఎవరి చెయ్యీ తగలని చోట, ఉలితో చెక్కిన అక్షరాలు.

మాస్టారు ఆ కోపంతోనే గట్టిగా చదవబోయాడు. కళ్ళు చివరి మాట దాకా వెళ్ళాక పక్కకి జరిగాడు. పైకి చిత్రికే చదివింది.

"డ్రాయింగులో లేని గాడి పెట్టానని నన్ను ఫెయిల్ చేశారు; చేస్తే చేశారు, ఇందులో కూర్చుంటే నా చంకకర్ర కింద పడదు."