వంకర పన్ను

పొద్దున్నే ఫ్రిజ్ తెరిచి అత్తగారు పెట్టిన కేకకి, పాలు తాగుతున్న పసిదానికి పొలమారింది.

పిల్ల మొదటి పుట్టినరోజు కేకు కోసం తెచ్చిన చాక్లెట్ దిమ్మ అది. అరచేతంత మందం. ఎవరూ ముట్టుకోకూడదని అత్తగారే లోపల పెట్టి తాళం వేసింది. తెల్లారేసరికి దాని మూల కసుక్కున కొరికేసి ఉంది. పై పళ్ళ గాట్లు దిగబడి మరీ కనిపిస్తున్నాయి.

"ఇంకెవరు? పాలిచ్చేదాన్నంటూ రోజంతా ఆకలి ఆకలి అని తిరిగేది ఎవరు?" కోడలి మీదికి తిరిగింది అత్తగారు. "ఇది నీ పనేనని తేలనీ, వెనక గదిలో నీ కంపు సామానంతా వీధిలో పారేయిస్తా!"

ఆ కంపు సామానే కోడలి బతుకు. మిక్సీ మీటలు, సూట్‌కేసు చక్రాలు, బొమ్మకారు తలుపులు... విరిగిపోయి, కొట్లో దొరకని ముక్కలకి రబ్బరులాంటి సిలికాన్‌తో అచ్చు తీసి, అందులో రాయిలా గట్టిపడే రెజిన్ పోసి కొత్తవి చేసిస్తుంది. చదువు సగంలో ఆగిపోయినదానికి చేతికొచ్చిన ఒక్క పనీ అదే.

"నా పని కాదని తేలితే?" అంది పిల్ల వీపు నిమురుతూ.

"ఫ్రిజ్ తాళం నీ చేతిలో పెడతా. ఇక సంసారం నువ్వే ఏలుకో!"

"అందరూ విన్నారుగా. మాట తప్పకూడదు అత్తయ్యా."

రెండు సీసాల సిలికాన్ కలిపి, మిగిలింది పాకే పిల్లకి అందకుండా అటక మీద పెట్టి, గాట్లలోకి సన్నటి ధారగా పోసింది కోడలు. "ఇది వెంట్రుకంత గీతనైనా వదలదు. గట్టిపడ్డాక ఊడదీస్తే, కొరికినవాళ్ళ పళ్ళే బయటికొస్తాయి."

మధ్యాహ్నానికి రబ్బరు పళ్ళ వరస తయారైంది. అందరూ వంటగదిలో వరసగా నిలబడ్డారు.

మొదట మామగారు నోరు తెరిచాడు. మచ్చుకి ఒక్క పన్నూ లేదు. కట్టుడు పళ్ళు కావాలని ఆయన ఎప్పుడో అడిగితే, "తాగే జావకి పళ్ళెందుకండీ?" అని అత్తగారు కొట్టిపారేసింది.

"బోసినోటికి పరీక్షేమిటి, మీరు పక్కకి జరగండి," అంది ఇప్పుడూ ఆవిడే.

కొడుకు ముందు పళ్ళ మధ్య వేలు దూరేంత సందు. పసిదానికి ఉన్నవే కింద రెండు. కోడలు కొవ్వొత్తి కొరికి చూపించింది. ఆమెవి ఎలుక పళ్ళు, ఎటు తిప్పినా అతకలేదు.

"ఇక మీరే అత్తయ్యా."

"షుగరున్నదాన్ని, నేను తింటానుటే!" అంటూనే పై కట్టుడు పళ్ళు లాగి బల్లమీద పడేసింది.

పక్కన పెట్టి చూస్తే, అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. ముందు పన్ను ఎడమకి ఒరగడం కూడా. పోయిన నెల ఆ పన్ను విరిగితే, పళ్ళ డాక్టరంటే భయపడి కోడలిచేతే రెజిన్‌తో చేయించుకుంది. అప్పట్నుంచీ అది వంకరే.

"రాత్రి గ్లాసులో పెట్టి పడుకున్నాగా!"

"మరి ఫ్రిజ్ తాళం ఎక్కడుందమ్మా?" అన్నాడు కొడుకు.

"నా తలగడ కింద..." అని, అన్న మాట తనకే వినపడి ఆగిపోయింది.

"నిద్రలో లేచి తిన్నావేమోనమ్మా. పోనీ, మూతి కడుక్కున్నావా లేదా?"

"నాకేం గుర్తులేదురా నాయనా," అంది నీరసంగా. మామగారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తెగ దగ్గాడు.

అత్తగారు కోడలి మొహం చూడకుండా తాళం ఆమె చేతిలో పెట్టి, వెళ్ళి ముసుగు తన్నింది.

సాయంత్రం కోడలు వెనక గదిలో బల్ల సర్దుకుంటుంటే, మామగారు వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. తువ్వాలు మడతలోంచి ఓ చాక్లెట్ ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత, రెజిన్‌తో పోసిన పళ్ళ వరసొకటి తీశాడు. దాని ముందు పన్నూ ఎడమకే ఒరిగి ఉంది.

"పళ్ళు భేషుగ్గా పనిచేశాయి తల్లీ. ఈసారి మాత్రం నా దవడ కొలతకి చెయ్యి, జీడిపప్పు డబ్బా తాళం కూడా మీ అత్తయ్య తలగడ కిందే ఉంది."