చెంపదెబ్బ చప్పుడు

"చప్పుళ్లదేముందమ్మా, ఎవరైనా చేస్తారు. రేడియో నాటకం నిలబడేది నా గొంతు మీద!" అన్నాడు హీరో, మైకు సర్దుకుంటూ.

ముప్పై ఏళ్లుగా నాటకాల్లో వానా, గుర్రం, తలుపు కిర్రూ అన్నీ తానే అయిన చప్పుళ్లావిడకు ఒళ్లు మండింది.

ప్రత్యక్ష ప్రసారం మొదలైంది.

"ఇదిగో నా జవాబు!" అంది హీరోయిన్.

ఇక్కడ చెంపదెబ్బ చప్పుడు కోసం చప్పుళ్లావిడ రబ్బరు చెప్పును అరచేత్తో కొట్టాలి. చెప్పు కింద పడేసి, హీరో చెంపే పగలగొట్టింది.

మైకు ముందు కిక్కురుమనలేక, నీళ్లు నిండిన కళ్లతోనే డైలాగు అప్పజెప్పాడతను. ఆవిడ కసి తీరింది.

ప్రసారం ముగియగానే హీరోకు భార్య ఫోను. ఒక చెయ్యి చెంప మీదే ఉంచుకుని, స్పీకరు నొక్కాడు.

"అంతా బాగుందండీ. ఆ చెంపదెబ్బే, ఉత్తుత్తిదని ఇట్టే తెలిసిపోయింది. చప్పుళ్లావిడ ఇవాళ రాలేదా?"