పేరు రాయని మనవి

పాస్టర్ అనిల్ కుమార్ గారు ఆరో చీటీ విప్పి, చదవకుండా ఒక్క క్షణం ఆగారు.

ప్రత్తిపాడు పక్కనున్న ఆ ఊరి చర్చిలో అదొక అలవాటు. ప్రార్థన మనవి ఉన్నవాళ్లు చీటీ రాసి గుమ్మం దగ్గరి చెక్కపెట్టెలో వేస్తారు. పేరు రాయరు. ఆదివారం అయ్యగారు వాటిని పైకి చదువుతారు. మోకాళ్ల నొప్పులు, ఎండిన బోరు, కోడలి కాన్పు. ఏ చీటీ ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. ఎవరూ తెలిసినట్టు కనబడరు. అది మర్యాద.

“చదువు పూర్తయింది. ముందు ఏం చేయాలో తోచడం లేదు. ఇంట్లో చెప్పుకోలేను. నా దారి ఏదో తేలాలని ప్రార్థించండి.”

ఈసారి మర్యాద నిలవలేదు. అరవై తలలు ఒక్కసారిగా నతానియేలు వైపు తిరిగాయి.

తిరగవా మరి. ఊళ్లో ఆ ఏడు యూనివర్సిటీ చదువు ముగించి ఖాళీగా ఉన్నది అతనొక్కడే. ఎమ్మెస్సీ బోటనీ, ఫస్ట్ క్లాసు. మూడు నెలలుగా మంచం మీద అతను, అతని మీద ఫోను.

ఆడవాళ్ల వైపు కూర్చున్న తల్లి రెబ్కా కొంగుతో కళ్లొత్తుకుంది. నతానియేలు తల దించుకున్నాడు. ఇంటికెళ్లాక ఆమె ఏమీ అడగలేదు. కూరలో ఒక కోడిగుడ్డు అదనంగా వేసింది. అతనూ ఏమీ అడగలేదు. తిన్నాడు.

గడువు కూడా ముంచుకొస్తోంది. మేనమామ జక్రయ్య గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. అక్కడ సూపర్‌వైజరు ఉద్యోగం ఖాళీ అయింది.

“శనివారం లోపు అవునో కాదో చెప్పు అల్లుడూ. ఆ తర్వాత ఓనరు ఎవర్నో ఒకర్ని పెట్టేసుకుంటాడు” అన్నాడు ఫోన్లో.

అవునంటే జీవితాంతం మిర్చి బస్తాల మధ్య. కాదంటే మళ్లీ మంచం.

సలహాలు మాత్రం గడువు లోపే వచ్చేశాయి. రిటైర్డ్ హెడ్మాస్టరు ప్రేమదాసు గారు చర్చి బయట చెప్పుల దగ్గరే పట్టుకున్నారు. “బీఎడ్ చెయ్యి. నేను చెయ్యలేదూ? నాకేం తక్కువైంది?” అని బట్టతల నిమురుకున్నారు.

సోమవారం బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు ముబీన్ కేకేశాడు. “ఏరా, ఇంట్లో చెప్పుకోలేకపోతే నాకు చెప్పొచ్చుగా. గ్రూప్ టూకి అప్లికేషన్ పెట్టేయనా? నీ ఫొటో నా సిస్టంలోనే ఉంది.”

“చర్చికి రానివాడివి, నీక్కూడా తెలిసిందా?”

“చీటీని జిరాక్స్ తీసి పంచలేదు. అదొక్కటే తక్కువ.”

ఓపిగ్గా విన్నది పాస్టర్ గారొక్కరే. తాతా పాస్టరే, తండ్రీ పాస్టరే. బైబిలు కాలేజీ నుంచి నేరుగా ఈ ఊరికి వచ్చి నాలుగు నెలలైంది. చర్చి వెనక గదిలో ఒక్కరే ఉంటారు. ప్రతి సాయంత్రం నతానియేలును పిలిచి కూర్చోబెట్టుకునేవారు.

“ఇవాళ ఎవరేం చెప్పారు తమ్ముడూ?”

నతానియేలు చెబుతుంటే డైరీలో రాసుకునేవారు. బీఎడ్ ఎన్నేళ్లు, గ్రూప్ టూకి వయసు ఎంతవరకు, అన్నీ అడిగేవారు. ప్రార్థనలో వివరంగా పెట్టడానికి కాబోలు అనుకున్నాడు నతానియేలు.

“ఆ కోల్డ్ స్టోరేజీలో ఆదివారం సెలవు ఇస్తారా?”

“ఇస్తారట అయ్యగారూ.”

“రోజంతానా, పొద్దుటిపూటేనా?”

తను ఆరాధన మానేస్తాడేమోనని ఆయనకెంత బెంగ. నతానియేలుకు కళ్లు చెమర్చాయి.

గురువారం పక్కింటి పేరమ్మ వచ్చింది. ఆమె సలహా ఇవ్వలేదు. ఆకులు ముడుచుకుపోయిన మిరప మొక్కను తెచ్చి అతని మంచం మీద పడేసింది.

“మొక్కల చదువేగా నువ్వు చదివింది. ఇది పురుగు పనా, నల్లి పనా? మందుల కొట్టువాడు రెండింటికీ డబ్బాలు అంటగట్టాడు. నువ్వైనా ఒకటి చెప్పు. చెప్పలేకపోతే లే, ఆ మంచం నా మనవడికిస్తాను.”

నతానియేలు లేచాడు. ఆమె చేలో ఆకులు తిప్పి చూశాడు. ఫోను కెమెరాతో ఫొటోలు తీసి పెద్దవి చేసుకుని చూశాడు. పక్క చేలో దిగాడు. దాని పక్క చేలో దిగాడు. రెబ్కా అన్నం క్యారేజీ పట్టుకుని మూడు చేలు వెతికింది.

శనివారం పొద్దున్నే ఊరి చివర మిరపనారు పెంచే నర్సరీకి వెళ్లి పని అడిగాడు. సోమవారం నుంచి రమ్మన్నారు. మధ్యాహ్నం మేనమామకు ఫోన్ చేసి కోల్డ్ స్టోరేజీ వద్దన్నాడు. జక్రయ్య రెండు నిమిషాలు తిట్టి, మంచి నారుంటే తన ఎకరానికీ పంపమన్నాడు.

సాయంత్రం పాస్టర్ గారి గదికి వెళ్లేసరికి ఆయన డైరీ తెరుచుకుని కూర్చుని ఉన్నారు.

“నా దారి తేలింది అయ్యగారూ. మిరపనారు పనిలో చేరుతున్నాను. మామయ్యకి వద్దని చెప్పేశాను.”

ఆయన పెన్ను కింద పెట్టారు.

“తప్పు చేశానా?”

“లేదు తమ్ముడూ. సంతోషం.”

“ఒక్క మాట అయ్యగారూ. ఆ చీటీ నేను రాయలేదు. అమ్మ వేసిందనుకుని వారమంతా నోరు మూసుకున్నాను. అమ్మేమో నేనే వేశాననుకుందట. ఇందాక అన్నం దగ్గర తేలింది. పాపం, అది రాసినవాళ్లకి ఒక్క సలహా కూడా అందలేదు.”

“అన్నీ అందాయి తమ్ముడూ,” అంటూ పాస్టర్ గారు లేచి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగారు, “ఇంతకీ ఆ కోల్డ్ స్టోరేజీ ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉందా?”