ఎర్ర బుగ్గల బోర్డు

జానయ్య హోటల్ మీద బోర్డు ఎక్కినప్పటి నుంచి ఊళ్ళో ఎవరికీ కంటి మీద కునుకు లేదు.

కట్టంగూరు దాటాక రోడ్డు పక్కనే ఆ హోటల్. తాటాకుల కప్పు, రెండు బెంచీలు, ఒక మట్టి పొయ్యి. ఛాయ్ బాగుంటుంది. లారీలు మాత్రం ఆగవు. దుమ్ము లేపుకుంటూ నకిరేకల్ దాకా పోయి అక్కడ ఆగుతాయి.

జానయ్య ఒకసారి పట్నం పోయినప్పుడు పెద్ద హోటల్ ముందు నిలబడి చూశాడు. పేరు చుట్టూ కరెంటు బుగ్గలు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. జనం దీపానికి పురుగుల్లా లోపలికి పోతున్నారు. ఇంటికొచ్చి దుక్కిటెద్దులను అమ్మేశాడు. అలాంటి బోర్డే చేయించి, బస్సు మీద కట్టించుకొని తెచ్చాడు. రేకు మీద పచ్చటి అక్షరాలు, అంచు వెంట ఎర్ర కరెంటు బుగ్గలు.

ఎద్దులు పోయాయి. ఇక లారీలన్నా ఆగాలి, లేదంటే జానయ్య ఎవరింట్లోనో జీతానికి కుదరాలి.

మొదట వచ్చినవాడు గొర్ల ఐలేశం. జానయ్యకు వరుసకు బావమరిది. బోర్డు కింద నిలబడి, మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు.

“బావా, పొద్దుగూకంగ నా మంద ఈడికెల్లే వస్తది. గీ ఎర్రటి ఎలుగు జూస్తే గొర్లు ముంగటికి కదులుతయా? మంట అనుకుంటయి. ఒకటి ఎనక్కి మర్లితే అన్ని మర్లుతయి.”

మర్నాటి నుంచి ఐలేశం మందను గుట్ట చుట్టూ తిప్పి తోలుకొచ్చాడు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఇదంతా మా బావ పుణ్యమేనని చెప్పాడు.

ఎదురింటి బక్కమ్మ బాధ వేరు. ఆమె పుంజు వెలుగు కనిపిస్తే చాలు, కూసే రకం. రాత్రీ పగలూ తేడా లేకుండా కూస్తే ఇంట్లో ఎవరు పడుకుంటారని ఆమె బావి దగ్గర పంచాయితీ పెట్టింది. అసలే కోడలు తెల్లారినా లేవదు. ఇక కోడి మాట కూడా నమ్మదట.

ఇద్దరూ కలిసి సర్పంచి మల్లప్ప దగ్గరికి పోయారు. మల్లప్ప కొత్తగా సర్పంచి అయ్యాడు. అయినప్పటి నుంచి ఎవరైనా ఫిర్యాదు తెస్తారేమోనని గడప వైపు చూస్తూనే ఉన్నాడు. పైగా ఆయనకూ లోపల ఒక గుబులుంది. పంచాయతీ ఆఫీసు గోడ మీద పేరు సున్నంతో రాసి ఉంటుంది. ఛాయ్ హోటల్ సర్కారు కంటే మెరిస్తే సర్కారుకు ఇజ్జత్ ఏముంటుంది?

మెంబర్లను పిలిపించాడు. ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది. బోర్డు దించాల్సిందేనని మల్లప్ప మొదట్లోనే చెప్పేశాడు.

గుంజకు ఆనుకొని నిలబడ్డ జానయ్య భార్య నర్సింగమ్మ రెండడుగులు ముందుకొచ్చింది.

“దించుదాం పటేలా. ముందుగాల మా ఎద్దులను తోలుకరాండ్రి.”

మల్లప్ప మీసం సవరించుకున్నాడు.

“మరి నా పుంజు సంగతేంది?” అంది బక్కమ్మ.

“కోడి కూస్తే కోడిని గంప కింద మూస్తరు, బక్కమ్మత్తా. మా బోర్డునెందుకు మూస్తరు?” అంది నర్సింగమ్మ.

జనం నవ్వారు. బక్కమ్మ కోడలు అందరికంటే గట్టిగా నవ్వి, అత్త చూసేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వాక కోపం నిలవదు. బోర్డు ఉండనిద్దాం, కానీ కట్టుబాట్లు పెడదాం అన్నాడు వార్డు మెంబరు ఇస్రాయేలు.

అక్కడి నుంచి మాపటి దాకా సాగింది. మంద ఊళ్ళోకి వచ్చే వేళకు బుగ్గలు ఆర్పాలి. బక్కమ్మ ఇంటి వైపు గోనెపట్టా అడ్డం కట్టాలి. పట్నంలో లాగా ఆరడం, వెలగడం పనికిరాదు, దారిన పోయే బండెద్దులు బెదురుతాయి. వెలిగితే ఒక్క తీరుగా వెలగాలి. ఎర్ర దీపం చూస్తే లారీవాడు ముందు ఏదో గండం ఉందనుకొని ఆగిపోతాడని ఒక మెంబరు అడ్డం తిరిగాడు. అందుకే కదా పెట్టింది అన్నాడు జానయ్య. ఎరుపు ఉండిపోయింది.

చివరికి సర్కారు ఇజ్జత్ దగ్గర మాట ఆగింది. జానయ్య తనే నిచ్చెనెక్కి, బోర్డులోంచి రెండు బుగ్గలు విప్పి సర్పంచి చేతిలో పెట్టాడు. మల్లప్ప వాటిని కండువాతో తుడిచి, పంచాయతీ గుమ్మానికి అటొకటి ఇటొకటి తగిలించాడు. ఆయన ముఖం తేటబడింది.

కట్టుబాటు తప్పుతున్నాడేమో చూసే పని ఊరి కాపలా చూసే సుంకరి పెద్దులుకు అప్పజెప్పారు. పెద్దులు పొద్దుగూకే వేళకు కర్ర పట్టుకొని వచ్చి, మంద దాటేదాకా బోర్డు కిందే నిలబడేవాడు. మంద మళ్ళీ పాత దారినే వస్తోంది, ఒక్క గొర్రె కూడా బెదరలేదు. పెద్దులు పోయి సర్పంచికి చెప్పేవాడు.

“జానయ్య తప్పేం లేదు పటేలా. కానూను ప్రకారమే ఉన్నడు.”

మల్లప్ప ఆ మాట తిరుమలగిరి అంగడిలో కూడా చెప్పుకున్నాడు. మా ఊళ్ళో చట్టం పెడితే చట్టమే అని.

ఒకనాటి సాయంత్రం లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ హోటల్ ముందు నుంచే పోయింది. నర్సింగమ్మ గ్లాసులు కడుగుతూ దాని వెనక లేచిన దుమ్ము వైపు చూసింది.

“ఇగనన్న ఆగుతరంటవా?”

“ఎందుకాగరే?” అన్నాడు జానయ్య. “సర్పంచి ఒప్పుకున్నడు. ఐలేశం ఒప్పుకున్నడు. పుంజు గంప కింద ఉన్నది. ఇంకేం గావాలె?”

ఇక ఊరికి కరెంటు రావడం ఒక్కటే మిగిలింది.