గోరు మందాన గాటు

గొడ్డలక్క పైకెత్తిన గొడ్డలిని వెనకనుంచి ఎవరో పట్టుకున్నారు.

తిరిగి చూస్తే ఓ ముసలాయన. భుజాన సంచి, తెగిన చెవి తమ్మె, కాళ్లనిండా దుమ్ము. ఎన్నడూ చూడని మొహం.

"వదులు తాతా, చెయ్యి తెగుద్ది!"

"నువ్వొదులమ్మా, చెట్టు చస్తుంది."

చెట్ల బంక ఏరుతున్న ఆడవాళ్లు గొల్లుమన్నారు. గొడ్డలక్క అన్న పేరు ఊరికే రాలేదు; గొడ్డలి పట్టడంలో అక్కకు పాఠం చెప్పేవాడు ఆ అడవిలో ఇంకా పుట్టలేదు.

"లోతుగా కొడితేనే బంక కారేది. మా అమ్మ నేర్పిన పని ఇది," అంది అక్క.

"మరి మీ అమ్మ కొట్టిన చెట్లేవీ?"

నవ్వులు ఆగిపోయాయి.

అవి మోడులై మూడేళ్లయింది. బంక అమ్ముకుని బతికే ఆ పల్లెలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. అక్క తల్లితో సహా జనం ఇటుక బట్టీల దారి పట్టారు. మిగిలిన చెట్లూ పోతే అక్క కూడా తాళం వేయాల్సిందే.

"నాకొక్క చెట్టివ్వండి. వారంలో మీకంటే ఎక్కువ బంక రాకపోతే ఈ సంచి మీది," అన్నాడు ముసలాయన.

"సంచిలో ఏముంది?"

"చిరిగిన చొక్కా."

"అబ్బో, భలే పందెం!"

నవ్వుతూనే ఓ చెట్టు చూపించారు.

ఆయన సంచిలోంచి చిన్న ఉలి తీశాడు. బెరడును అరచేతి వెడల్పున, గోరు మందాన పైపైన చెక్కాడు. అంతే.

"ఏంటి తాతా, చెట్టుకు గడ్డం గీశావా?" అంది అక్క తోడికోడలు.

"అవునమ్మా. నీ మొగుడికన్నా కదలకుండా నిలబడింది."

వారం తిరిగింది. అక్క కొట్టిన చెట్టుకు బెరడు ముక్కలతో నల్లటి ముద్ద కారింది. ముసలాయన చెట్టుకు తెల్లటి బంక, ఎండలో గాజుపూసల్లా మెరుస్తూ వేలాడింది. తక్కెడలో ఆయన పళ్లెమే కిందికి దిగింది.

అక్క గొడ్డలి పక్కన పెట్టింది.

"ఉలి ఎట్టా పట్టుకోవాలో చూపించు తాతా."

ఆయన ప్రతి చెట్టు దగ్గరా నిలబడి, ఒక్కొక్కరి చేతా చెక్కించాడు. "గాటు మానేదాకా మళ్లీ ముట్టొద్దు" అని వందసార్లు చెప్పాడు. పెట్టింది తిన్నాడు. పేరడిగితే నవ్వేశాడు. ఓ తెల్లవారుజామున చెప్పకుండా వెళ్లిపోయాడు.

వానలు వెలిసేసరికి గాట్లన్నీ పూడాయి. చెట్లు చిగిర్చాయి. ఆ ఏడు మంచి బంక వచ్చిందన్న కబురు బట్టీలకు చేరింది. ఒక్కొక్క ఇంటి తాళమే ఊడింది.

అక్క తల్లి కూడా బట్టీ వదిలి వచ్చేసింది. ఆ సాయంత్రం వాకిట్లో తోడికోడలు ముసలాయన నడక నడిచి చూపిస్తుంటే, అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

తల్లి ఒక్కతే నవ్వలేదు.

"ఆయనకు ఎడమ చెవి తమ్మె తెగి ఉందా?"

"అవునే అమ్మా! నీకెట్టా తెలుసు? ఎక్కడుంటాడో చెప్పు, పిలిచి కడుపునిండా పెడదాం."

"ఎక్కడుంటాడో నాకేం తెలుసే!" అంది తల్లి, చిగురేసిన చెట్లవైపు చూస్తూ. "నువ్వు పుట్టకముందు బంక కొనే కంపెనీ మనిషిగా వచ్చి, లోతుగా కొట్టమని నా చేతికి మొదటి గొడ్డలి ఇచ్చింది ఆయనే."