హద్దురాయి మీద చెయ్యి

ఏరు వల్దెఫ్రేసా ఊరిది, రాళ్ళ నేల మా పెన్యసేకాది. తాతల నాడు ఊళ్ళు విడిపోయినప్పటి నుంచీ అంతే. ఏటా వసంతంలో ఇద్దరు మేయర్లం హద్దు వెంట నడిచి, హద్దు ఒప్పుకున్నట్టుగా ప్రతి హద్దురాయి మీదా కలిసి చెయ్యి వేస్తాం. ఆ ఏటిని చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది.

ఈసారి ఏటి పక్క రాయి మీద వాళ్ళ మేయరు కసిల్దా చెయ్యి వెయ్యలేదు.

"దీన్ని ఏటి అవతలికి జరుపుకో, లియాంద్రో. ఏరు నువ్వే ఉంచుకో."

"పొద్దున్నే ద్రాక్షసారా పట్టించావా?"

"కాదు, కుళ్ళు. మీ దండెం మీద నీ మనవరాలి గౌను ఆరుతుంటే చూడలేక చస్తున్నా. మా ఊళ్ళో ఆరేవన్నీ ముసలాళ్ళ బట్టలే. ఏరు తీసుకుని, ఆ పిల్లని మాకిచ్చెయ్."

నవ్వుతూనే అంది. నేను మాత్రం ఆమె చెయ్యి లాగి, గట్టిగా రాయి మీద పెట్టించాను.